పది నంబరు సాకెట్టు

గాజువాక, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో రెండు పేజీలు తిట్లే. సరే, పడతాను. మూడు నెలలుగా ఫోన్ ఎత్తనిది నేనే కదా. సెలవులకి నిన్ననే ఇంటికొచ్చాను. అమ్మ పెట్టిన చేపల పులుసు తిని, కడుపు బరువుతో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పులుసుని అను.

"వాడు పైలట్టా, మెకానిక్కా?" అని మీ అమ్మగారు అడిగారట. ఇంకా ఏదీ కాలేదని చెప్పు. మాది విమానాల మరమ్మతు చదువు, లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ అనే ప్రభుత్వ విమానయాన సంస్థ. అందులో నాది బీ1.1, అంటే జెట్ విమానాలూ, టర్బైన్ ఇంజినుతో ప్రొపెల్లర్ తిరిగే టర్బోప్రాప్‌లూ, వాటి ఇంజిన్లూ బాడీ. రేడియోలూ ఎలక్ట్రానిక్సూ చూసేవాళ్లది బీ2. పరీక్షలు మాడ్యూళ్ల లెక్కన ఉంటాయి, ఒక్కోదాంట్లో 75 శాతం వస్తేనే పాసు. ఇంటర్లో 35 కోసం సంపత్ వినాయగర్‌కి మొక్కుకున్నవాడిని, ఇప్పుడు 75! లైసెన్సు వచ్చాక కూడా ఏ320 లాంటి విమానాన్ని పంపిస్తూ సంతకం పెట్టాలంటే ఆ రకానికి విడిగా టైప్ రేటింగ్ అనే అర్హత కావాలి. అంతా ఆ సంతకం దగ్గరే ఉంది మావా. నట్టు ఎవరు బిగించినా, ఇది ఎగరడానికి పనికొస్తుందని కాగితం మీద ఒప్పుకునేవాడు ఇంకొకడు.

ఆటోనగర్లో నాన్న షెడ్డు నీకు తెలుసుగా. "ఎంత బిగిసిందో చేతికి తెలియాలిరా" అనేవారు. లారీల కింద పెరిగిన నాకు ఆ పొగరు బాగానే ఉండేది. మొదటి నెల, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి పక్కనపడేసి మామూలు పానాతో బిగిస్తుంటే మా సారు వచ్చి నిలబడ్డారు. "నీ చెయ్యి సంగతి సరే, పుస్తకంలో ఎంతుంది?" అన్నారు. నేను పుస్తకం తెరిస్తే కదా!

లాక్ వైర్ అయితే వేళ్లు కోసేసింది. బోల్టు వదులవ్వకుండా తీగ మెలేసి కట్టాలి. మామూలుగా అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు. తీగ లాగితే బోల్టు బిగిసే వైపే లాగాలి. రివర్సులో కట్టావో, కట్టనట్టే. ఒకసారి విప్పిన తీగ మళ్లీ వాడకూడదు. మా బ్యాచ్‌లో అందరి వేళ్లకీ బ్యాండేజీలే.

అసలు సంగతికొస్తాను, ఇది ఇంట్లో చెప్పలేదు. మా వర్క్‌షాపులో బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి ఉంటుంది. ఏది లేకపోయినా ఖాళీ నీడ కనబడుతుంది. ఒక సాయంత్రం ప్రాక్టీసు ఇంజిను మూసేసి, పనిముట్లన్నీ ఉన్నాయని లెక్కపెట్టకుండానే సంతకం పెట్టేశాను. ఆకలి, హాస్టల్లో గుడ్డు కూర రోజు. చూస్తే నట్లు తిప్పే పది నంబరు సాకెట్టు లేదు. సారు తలుపు వేసేశారు. రెండు గంటలు మూసిందంతా విప్పి వెతికాం. చివరికి నా చేతిలోని కాటన్ వేస్టు ఉండలోనే దొరికింది. అందరూ నన్ను నమిలేసేలా చూశారు.

సారు తిట్టలేదు, అదే భయమేసింది. 1990 జూన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి గాల్లో ముందు అద్దం ఊడిపోయిన సంగతి చెప్పారు. కెప్టెన్ సగం బయటికి లాక్కుపోయాడు, సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, బతికాడు. ఆ అద్దానికి 90 బోల్టులు. 84 ఉండాల్సిన దానికన్నా సన్నవి, మిగతా ఆరు పొట్టివి. రాత్రి డ్యూటీలో అనుభవమున్న మనిషే పాత బోల్టు పక్కన పెట్టి కంటితో సరిచూసి తెచ్చుకున్నాడట, క్యాటలాగు చూడలేదు. నాకు నాన్న గుర్తొచ్చారు. చెయ్యి తెలిసినవాళ్లకే ఇలా జరుగుతుందేమో మావా, రాని వాడు భయపడి పుస్తకం చూస్తాడు.

ఇవాళ నాన్నని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను, టీయూ-142 అనే పాత నేవీ విమానాన్ని మ్యూజియంగా పెట్టారు కదా, అది చూపిద్దామని. 29 ఏళ్లు నేవీలో ఎగిరింది. ఒక్కో ఇంజినుకి ముందు నాలుగు, వెనక నాలుగు ప్రొపెల్లర్ రెక్కలు, రెండు వరసలూ ఎదురెదురు తిరుగుతాయని చెప్పాను. నాన్న అది వినకుండా రివెట్లు తడుముతూ, "ఉప్పుగాలికి ఇది తుప్పుపట్టకుండా ఎవరు చూస్తార్రా?" అన్నారు. అప్పుడే, మసాలా ముంత తింటూ, సాకెట్టు సంగతి చెప్పేశాను. ఏమీ అనలేదు. మరమరాలు నములుతూ "ఆ బోర్డు ఎలా గీస్తారు?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం షెడ్డుకెళ్లి చూస్తే గోడకి పాత ప్లైవుడ్డు, దాని మీద సుద్దముక్కతో పానాల బొమ్మలు! ఒక్క పద్నాలుగు-పదిహేను సైజు పానా చోటు ఖాళీ. పక్క షెడ్డువాళ్లు పట్టుకెళ్లి ఏడాదైందట. రేపు పొద్దున్నే వెళ్లి అడుగుతారట.

సంక్రాంతికి రా. ఈసారి ఫోన్ ఎత్తుతాను.

నీ
ఆఖరి బెంచీవాడు