ఫారం రాని ఏడాది

వరంగల్,
శనివారం రాత్రి

ఒరే బావా,

ఫోను ఎత్తలేదని కోప్పడకు. ఏనుమాముల మార్కెట్లో పత్తి దిగుతున్నన్నాళ్ళు మాకు పగలూ రాత్రీ ఒకటే. పత్తి గింజ తీసి బేళ్ళు కట్టే మా జిన్నింగ్ మిల్లు మోతలో ఫోను మోగినా వినపడదు.

"అమెరికానే వద్దనుకున్నాక మీకెందుకురా ఆ సోలార్ లెక్కలు" అన్నావు కదా, మా సేటు కూడా అచ్చం అదే అన్నాడు. మా బేళ్ళు కొనే స్పిన్నింగ్ మిల్లువాళ్ళు ఏటా ఒక ఫారం పంపేవాళ్ళు. 170 కిలోల బేలుకు ఎన్ని యూనిట్లు కాలాయి, అందులో సోలార్ ఎంత అని. వాళ్ళ నూలు బట్టయి అమెరికా పోతుంది. 2025 జనవరి 20న ట్రంప్ కుర్చీ ఎక్కిన రోజే, భూమి వేడెక్కకుండా దేశాలన్నీ చేసుకున్న పారిస్ ఒప్పందం వద్దని సంతకం పెట్టాడు. ఆ ఏడు ఫారం రాలేదు.

నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. అమెరికా వాళ్ళు 2020 నవంబరులోనూ ఆ ఒప్పందంలోంచి బయటికి పోయారు, 2021 ఫిబ్రవరిలో తిరిగొచ్చారు. వాళ్ళదాకా ఎందుకు, 2020 డిసెంబరులో మన కేంద్రం సోలార్ 10 కిలోవాట్లు దాటితే నెట్ మీటరింగ్ (మనం గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటును మన బిల్లులో తగ్గించడం) లేదంది, ఆర్నెల్లకే 500 దాకా సరే అంది. ఆ ఆర్నెల్లూ నా టెన్షన్ నీకు తెలుసు, రోజూ నీకే కదా ఫోను! అప్పుడే చేతులెత్తేసి ఉంటే ఇవాళ రేకుల మీద ప్యానెళ్ళే ఉండేవి కావు.

వాతావరణం అంటే సేటు ఆవలిస్తాడు. అందుకే కరెంటు బిల్లులు ముందు పెట్టా, పాతదీ కొత్తదీ. మాట్లాడలేదు. ఫారం పోతే పోయింది, ఆ లెక్కలు రాసే రిజిస్టర్ మాత్రం మనదే అని ఒప్పించా.

ఇప్పుడది వాచ్‌మన్ చేతిలో ఉంది. రోజూ సాయంత్రం ఆరింటికి రీడింగ్ రాస్తాడు. జిన్నింగ్ మిల్లు కదా, దూది పీచు ఎగిరి ప్యానెళ్ళ మీద పడుతుంది, రాత్రి మంచుకు తడిసి అట్ట కడుతుంది. నీళ్ళు కొడితే పోదు, బట్టతో రుద్దాల్సిందే. మొన్న నేను గమనించకముందే ఆయనే వచ్చి, "సార్, రీడింగ్ పడిపోయింది, దూది పట్టింది, రేపు పొద్దుగాల తుడవాలె" అన్నాడు. నేను ఇన్నేళ్ళు రాసిన రిపోర్టులన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తురా.

అన్నీ నిలబెట్టుకున్నామని కాదు. డీజిల్ జనరేటర్ తీసేస్తామన్నాం, తీయలేదు. రాత్రి షిఫ్టులో కరెంటు పోతే ఏం చేస్తాం?

మీ కంపెనీ వెబ్‌సైటులో నెట్ జీరో పేజీ, అదే కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా చేస్తామన్న పేజీ, మాయమైందన్నావు. మీరు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పే టాప్ 1000 లిస్టెడ్ కంపెనీల్లో ఉన్నారుగా, బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణం, సమాజం విషయాల్లో ఏం చేశారో చెప్పే ఏటా రిపోర్టు) ఎలాగూ ఇవ్వాలి. పేజీ సంగతి వదిలెయ్, లోపల లెక్క రాసే మనిషిని ఉంచారా లేదా అది చూడు.

మేడారం పోయేటప్పుడు ఇటు దిగు. వస్తూ పొడుగు కర్ర మాపులు రెండు పట్టుకురా, ఇక్కడ కొన్నవి వారానికే విరుగుతున్నాయి.

నీ,
బావ