మా ఆయనకు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టిన పిన్నికి, తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా ఆయన వచ్చేశారు. హనుమకొండ నుంచి బయలుదేరి పోయిన వారం డల్లాస్‌లో దిగారు. ఇప్పుడు ఇర్వింగ్‌లో మా ఇంట్లో ఉన్నారు. కనిపించినప్పుడల్లా కేసు ఎంతవరకు వచ్చిందని అడిగినవాళ్ళకు, గుళ్ళో మా ఇద్దరి పేరున అర్చన చేయించినవాళ్ళకు, సెలవు పెట్టి మరీ ఎయిర్‌పోర్టుకు వచ్చినవాళ్ళకు ముందుగా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే ఈ పోస్టు ముఖ్యంగా ఒకరి గురించి. మా అమ్మ స్నేహితురాలు, చిన్నప్పటి నుంచి నేను పిన్ని అని పిలిచే మనిషి, మా ఆయన ఇమ్మిగ్రేషన్ కేసులో జాయింట్ స్పాన్సర్‌గా నిలబడింది. తన పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది కాబట్టి రాయడం లేదు. కానీ ఆమె పెట్టిన సంతకం విలువ ఎంతో చెప్పకుండా ఉండలేను.

నేను అమెరికన్ సిటిజన్‌ని. నర్సింగ్ చదువుతూ ఒక ఫార్మసీలో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. భర్తకో భార్యకో పిటిషన్ వేసినవాళ్ళు ఐ-864 అనే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఇవ్వాలి. వచ్చే మనిషి ఇక్కడి ప్రభుత్వం మీద భారం కాకుండా చూసుకునే స్తోమత నాకు ఉంది అని ఇచ్చే హామీ అది. ఆ స్తోమతకు ఒక కొలత ఉంది. ఫెడరల్ ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం ఉండాలి. సైన్యంలో యాక్టివ్ డ్యూటీలో ఉండి భర్తనో భార్యనో పిలిపించుకునేవాళ్ళకు మాత్రం 100 శాతం చాలు. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 26,437 డాలర్లు. నా పార్ట్‌టైమ్ జీతం అంత లేదు. మా ఆయన అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇక్కడికి వచ్చాక ఆ జీతం ఆగిపోతుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. ఇలాంటప్పుడు నా ఐ-864 నేను ఇస్తూనే, ఇంకొకరి చేత విడిగా మరో ఐ-864 ఇప్పించాలి. ఆ ఇంకొకరే జాయింట్ స్పాన్సర్.

"ఇంతమంది మనవాళ్ళున్నారు, ఎవరో ఒకరు పెడతారులే" అని అందరూ ధైర్యం చెప్పారు. నిజానికి సాయం చేయాలన్న మనసున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరూ ఇవాళ నా కృతజ్ఞతలకు పాత్రులే.

మొదట ముందుకొచ్చింది మా కజిన్ అన్నయ్య. పెద్ద కంపెనీలో పెద్ద జీతం. అడగకముందే "నేనున్నా కదరా" అన్నాడు. కానీ అన్నయ్యది హెచ్-1బి. జాయింట్ స్పాన్సర్ సిటిజన్ అయినా కావాలి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళయినా కావాలి, 18 ఏళ్ళు నిండి అమెరికాలో స్థిరనివాసం ఉండాలి. జీతం ఎంతున్నా హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పనికిరారు. ఈ మాట చెప్పినప్పుడు అన్నయ్య నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. అన్నయ్యా, మా ఆయన టికెట్ నువ్వే కొన్నావని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలియాలి.

తర్వాత మా పెద్దనాన్న. ఆయనకు మోటెల్ ఉంది. పదిమందికి పని ఇస్తారు, పండగొస్తే ఎంతమందికి వండిపెడతారో లెక్కే ఉండదు. అయితే ఐ-864లో చూసేది టాక్స్ రిటర్న్‌లో మొత్తం ఆదాయం గడిలో ఉన్న అంకెను. డిప్రిసియేషన్, లోన్ల వడ్డీ పోయాక వ్యాపారంలో మిగిలేది కాగితం మీద చాలా తక్కువ. "ఆస్తి చూపిద్దాం, మోటెల్ నాదే కదా" అన్నారు. ఆస్తి చూపించడానికి నిజంగానే దారి ఉంది. సిటిజన్ భర్తకో భార్యకో అయితే ఆదాయం ఎంత తగ్గిందో దానికి మూడు రెట్ల ఆస్తి చూపాలి, అప్పులు పోను. పైగా అది ఏడాదిలోపు డబ్బుగా మార్చగలిగేదై ఉండాలి. బ్యాంకు అప్పు ఉన్న మోటెల్‌కు విలువ కట్టించి ఆఫీసర్‌ను ఒప్పించడం కంటే జీతం ఉన్న మనిషి దొరికితే సులువని మా అకౌంటెంట్ గారు సలహా ఇచ్చారు. పెద్దనాన్నా, మీరు మోటెల్ కాగితాలన్నీ కారులో వేసుకుని మా ఇంటికి రావడం నేను మరచిపోను.

ఇంకొక అన్నయ్యకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పాలి. ఆయన కాదన్నారు. అడిగిన రోజు సాయంత్రమే ఫోన్ చేసి, "సిటిజన్‌షిప్ రాగానే మా అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలి. ఇప్పుడు ఇందులో సంతకం పెడితే నా కుటుంబం లెక్కలో ఒకరు పెరుగుతారు, అప్పుడు నాకే చాలదేమో" అని ఉన్నదున్నట్టు చెప్పారు. చూద్దాం, చేద్దాం అంటూ నెలలు గడిపేవాళ్ళ వల్ల కేసులు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. స్పష్టంగా కాదనడం కూడా ఎంత పెద్ద సాయమో అప్పుడే అర్థమైంది.

డబ్బు తీసుకుని సంతకం పెట్టేవాళ్ళు ఉంటారని కూడా ఎవరో చెప్పారు. మేము అటు పోలేదు.

షూరిటీ సంతకం అంటేనే మనవాళ్ళకు భయం. ఆ భయం ఊరికే రాలేదు. స్నేహితుడి చిట్టీకి షూరిటీ ఉండి, అతను కట్టకపోతే ఏళ్ళ తరబడి తన జీతంలోంచి కోత పెట్టించుకున్న మాస్టారు మన ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. ఐ-864 కూడా పేరుకు మాత్రమే ఉన్న హామీ ఏమీ కాదు. 1996లో వచ్చిన చట్టంతో అది కోర్టులో నిలబడే ఒప్పందమైంది. స్పాన్సర్ చేసిన మనిషి ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయం, ఫుడ్ స్టాంపుల వంటివి, తీసుకుంటే ఆ డబ్బు తిరిగి కట్టమని స్పాన్సర్‌ను అడిగే హక్కు సాయం ఇచ్చిన ప్రభుత్వ శాఖకు ఉంటుంది. వచ్చిన మనిషే స్పాన్సర్ మీద కోర్టుకు వెళ్ళవచ్చు. ఈ బాధ్యత ఎప్పుడు తీరుతుందంటే, ఆ మనిషి అమెరికన్ సిటిజన్ అయినప్పుడు, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ళు, పూర్తయినప్పుడు, గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్ళిపోయినప్పుడు, లేదా చనిపోయినప్పుడు. విడాకులు తీసుకున్నా తీరదు.

ఇవన్నీ పిన్నికి నేను చెప్పాల్సిన పని పడలేదు. అమ్మ విషయం చెప్పగానే, "ఫారం పంపించు, చదివి చెప్తా" అంది. పిన్ని ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, ఫారం, దాని సూచనలు అన్నీ ప్రింట్ తీసి, కాంట్రాక్ట్ ఉన్న పేజీలో వరుసగా పెన్సిల్‌తో గీతలు గీసుకుని మా ఇంటికొచ్చింది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక్కో గీత దగ్గర ఆగి అడిగింది. "విడాకులైనా తీరదని రాశాడు, నిజమేనా?" నిజమే పిన్నీ. "అల్లుడు కారు లోను తీసుకుని కట్టకపోతే నా మీదికొస్తారా?" రారు, అతని సొంత అప్పులకు ఇందులో పూచీ లేదు. "ఫుడ్ స్టాంపుల సంగతి?" కొత్తగా గ్రీన్ కార్డుతో వచ్చిన పెద్దవాళ్ళకు చాలావరకు మొదటి ఐదేళ్ళు అలాంటి ఫెడరల్ సాయం దొరకనే దొరకదు.

అక్కడితో ఊరుకోలేదు. హనుమకొండకు వీడియో కాల్ చేయమంది. మా ఆయన్ను పేరుపెట్టి పలకరించి, "బాబూ, ఇక్కడికొచ్చాక లెక్చరర్ ఉద్యోగం వెంటనే రాదు. మొదట ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగింది. ఆయన తడుముకోకుండా, "ముందు వేర్‌హౌస్‌లో అయినా చేస్తానండీ. చేస్తూనే టీచర్ సర్టిఫికేషన్‌కు చదువుతాను" అన్నారు. పిన్ని తలూపింది. పక్కన కూర్చుని ఆ మాటలు వింటుంటే నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. కానీ ఇవాళ ఆలోచిస్తే, అన్నీ అడిగి తెలుసుకుని సంతకం పెట్టే మనిషి దొరకడమే మా అదృష్టం. మొహమాటానికి పెట్టినవాళ్ళు రేపు ఎవరో ఏదో చెప్తే కంగారుపడి వెనక్కి తీసుకుంటానంటే అప్పుడు ఎక్కడికి పోతాం?

ఒక ముఖ్యమైన సంగతి కూడా పిన్నే గుర్తుచేసింది. జాయింట్ స్పాన్సర్ తన ఇంటి మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి, వచ్చే మనిషిని అందులో కలుపుకోవాలి, ఆ మొత్తానికి సరిపడా ఆదాయం తనొక్కరికే ఉండాలి. నా జీతం, పిన్ని జీతం కలిపి చూపిస్తామంటే కుదరదు. పిన్ని, బాబాయి, ఇద్దరు పిల్లలు, మా ఆయన, మొత్తం ఐదుగురు అనుకున్నాం. 2025 లెక్కలో ఐదుగురికి 47,062 డాలర్లు. అప్పుడు పిన్ని, "మా అమ్మకు గ్రీన్ కార్డు తెప్పించినప్పుడు కూడా నేను ఇదే ఫారం పెట్టాను. అమ్మ ఇంకా సిటిజన్ కాలేదు" అంది. అమ్మమ్మ ఉండేది న్యూజెర్సీలో మామయ్య దగ్గర. అయినా పిన్ని ఇచ్చిన హామీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆమెను కూడా కలపాలి. ఆరుగురికి 53,937 డాలర్లు. పిన్ని జీతం అంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి సరిపోయింది. తక్కువ పడి ఉంటే, అదే ఇంట్లో ఉన్న బాబాయి ఐ-864ఏ మీద సంతకం చేసి తన ఆదాయం కలపవచ్చు. ఆ అవసరం రాలేదు. అవసరం లేకపోయినా పిన్ని బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చదివి వినిపించింది. "నువ్వు పెట్టు. నీ వెనక నేనున్నా" అన్నారు ఆయన. బాబాయ్, మీ పేరు ఏ కాగితం మీదా లేదు. కానీ మీ ఊ లేకుండా ఈ కేసు ముందుకు కదిలేది కాదు.

కాగితాలు ఇచ్చిన తీరు గురించి కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో సొంత తోబుట్టువులకు కూడా జీతం ఎంతో చెప్పరు. పిన్ని ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) టాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్, ఏడాది జీతం ఎంతో చూపే డబ్ల్యూ-2, పే స్టబ్‌లు, ఆసుపత్రి ఇచ్చిన ఉద్యోగ పత్రం, అమెరికన్ పాస్‌పోర్టు కాపీ అన్నీ ఒక పసుపు కవర్లో పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. బాబాయితో కలిపి వేసిన రిటర్న్ కాబట్టి తన వంతు ఆదాయం ఎంతో తేలడానికి డబ్ల్యూ-2 తప్పనిసరి. వాటి మీద సోషల్ సెక్యూరిటీ నంబరుతో సహా సమస్తం ఉంటుంది. వాట్సాప్‌లో ఏదీ పంపలేదు, పంపమని నేనూ అడగలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని స్కాన్ చేసి, ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటర్ పోర్టల్‌లో పెట్టాం. ముంబైలో ఇంటర్వ్యూకు కావలసిన సెట్ ఒకటి ప్రింట్ తీసి కవర్లో అంటించి, మిగిలిన ఫైళ్ళన్నీ ఆమె కళ్ళముందే నా లాప్‌టాప్‌లోంచి తీసేశాను. ఎవరైనా మీకు స్పాన్సర్‌గా ఉంటే దయచేసి వాళ్ళ కాగితాలకు ఈ మాత్రం జాగ్రత్త చూపించండి.

కేసు డీక్యూ అయిందని, అంటే కాగితాలన్నీ సరిపోయాయని, మెయిల్ వచ్చాక మిగతాదంతా ఎదురుచూడటమే. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రోజు ఆఫీసర్ మా ఆయన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి, జాయింట్ స్పాన్సర్ మీకు ఏమవుతారు, ఎందుకు చేస్తున్నారు అని. చట్టం ప్రకారం చుట్టమే కావాలన్న నియమం లేదు. మా ఆయన ఉన్నదే చెప్పారు. మా అత్తగారి స్నేహితురాలు, మా ఆవిడను చిన్నప్పటి నుంచి పెంచినట్టే చూసుకుంది, నాతో కూడా ముందే మాట్లాడింది అని. ఆ వీడియో కాల్ అక్కడ ఇలా అక్కరకొచ్చింది.

టాక్స్ రిటర్న్‌ల గడువు ఏప్రిల్ 15 దగ్గర పడి ఊపిరాడని రోజుల్లో కూడా శనివారం పొద్దున కూర్చోబెట్టుకుని లెక్కలు చూసి, ఫీజు అంటే చేయి అడ్డం పెట్టిన అకౌంటెంట్ గారికి, అడిగిన రోజే ఉద్యోగ పత్రం రాసిచ్చిన మా ఫార్మసీ సూపర్‌వైజర్‌కు, నేను క్లాసుకు వెళ్ళలేనప్పుడు నోట్స్ రాసిపెట్టిన మా బ్యాచ్‌వాళ్ళకు, కొడుకును ఇంత దూరం పంపుతూ ఒక్కసారి కూడా నిష్ఠూరంగా మాట్లాడని మా అత్తమామలకు కృతజ్ఞతలు.

పిన్నీ, నీకు మాటిస్తున్నాను. మీరు ఇల్లు మారితే 30 రోజుల్లోపు ఐ-865 పంపాలి కదా, అది నింపి పోస్టులో వేసే పని నాది. మా ఆయన ఇప్పటికే వేర్‌హౌస్‌లో పనికి అప్లై చేశారు. సిటిజన్ భర్తగా కలిసి ఉంటే గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్ళకు సిటిజన్‌షిప్‌కు అర్హత వస్తుంది. అర్హత రాగానే అప్లై చేస్తాం. ఆయన ప్రమాణం చేసిన రోజున నీ బాధ్యత తీరిపోతుంది, ఆ రోజు నువ్వు, బాబాయి మా పక్కనే ఉండాలి.

మీలో ఎవరైనా ఇప్పుడు జాయింట్ స్పాన్సర్ కోసం చూస్తుంటే నాకు మెసేజ్ పెట్టండి. నేను లాయర్‌ని కాను, చిక్కు కేసులు లాయర్‌కే చూపించాలి. ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత, ఎవరి కాగితాలు ఏమేం కావాలి అనే లెక్క మాత్రం కలిసి కూర్చుని వేసుకుందాం. శనివారాలు నాకు క్లాసులు ఉండవు.