ఫైలు లేకపోతే మూతపడాలా?

సంపాదకులకు,

డేటా ఫైలు కనబడలేదని కంప్యూటర్‌లోని కాంటాక్ట్స్ అప్లికేషన్ ఉన్నట్టుండి మూతపడటం ఆ ప్రోగ్రామ్ రాసినవారి అలసత్వమే. ఫైలు తెరవబోతే వచ్చే ఎర్రర్‌ను కోడ్‌లో పట్టుకోకపోతే జరిగేది ఇదే. తొలిసారి నడిపినప్పుడు ఎలాగూ ఫైలు ఉండదు, ఖాళీ జాబితా చూపితే సరి.

అంతకుముందున్న ఫైలు మాయమైతే మాత్రం చడీచప్పుడు లేకుండా కొత్తది సృష్టించకూడదు. ఏ ఫోల్డర్‌లో వెతికిందో చూపి, బ్యాకప్ ఎంచుకోమనాలి. చాలాసార్లు ఫైలు ఎక్కడికీ పోదు! కోడ్‌లో పూర్తి పాత్ (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) బదులు ఉత్త ఫైలు పేరే ఉంటే, షార్ట్‌కట్‌తో తెరిచినప్పుడు ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌లో వెతకవచ్చు. విండోస్ వాడేవారు షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్ నుంచి మొదలవ్వాలో చెప్పే ‘స్టార్ట్ ఇన్’ గడి చూసి, ఆ తర్వాతే రీసైకిల్ బిన్ వెతకాలి. రీఇన్‌స్టాల్ చేసినా పోయిన ఫైలు రాదు.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు