'బాగా' ద్రాక్ష వైన్ విషయంలో మా పొరపాటు, ఇకపై మా వడ్డన

పోర్చుగల్‌లోని కోయింబ్రా నగరంలో ఉన్న మా చిన్న భోజనశాలను ఆదరిస్తున్న తెలుగువారందరికీ నమస్కారం.

గత నెల ఒక శనివారం విందులో గోంగూర మాంసంతో పాటు బైరాడా ప్రాంతపు ఎర్ర వైన్ వడ్డించాము. భోజనాలు ముగిశాక చూస్తే, చాలా గ్లాసులు సగం నిండుగానే వంటింటికి తిరిగి వచ్చాయి. ఒక పెద్దాయన మొహమాటపడుతూనే, "పచ్చి వక్క నమిలినట్టుంది బాబూ" అన్నారు. ఆయన మాట నిజమే, కానీ తప్పు వైన్‌ది కాదు, మాది.

ఆ వైన్ చేసే ద్రాక్ష పేరు బాగా. పేరు వినగానే మనకు నవ్వు వస్తుంది గానీ, పోర్చుగీసులో ఆ మాటకు చిన్న పండు అని అర్థం. గింజ చిన్నది, తోలు మందం, పంటకు రావడం ఆలస్యం. అందుకే రంగుతో పాటు వగరు కూడా వైన్‌లోకి దండిగా దిగుతుంది, దానికి తోడు పులుపూ ఎక్కువే. ఇటువంటి, ఇంకా పాతబడని లేత వైన్‌ను సీసా మూత తీసిన వెంటనే, అదీ వేడిగా ఉన్న గదిలో, కారం నిండిన కూర పక్కన పోశాము. గోంగూర పులుపును ఈ వైన్ తట్టుకోగలదు. తట్టుకోలేనిది మిరపకారాన్ని, ఎందుకంటే వగరూ ఆల్కహాలూ కలిసి నోటి మంటను ఇంకా పెంచుతాయి. రెండేళ్లుగా "ఈ వైన్‌కు మాంసం కూర ఏదైనా సరే" అని మీకు చెబుతూ వచ్చినందుకు క్షమించమని కోరుతున్నాను.

ఈ వగరుకు విరుగుడు కొవ్వు, ఉప్పు. ఇక్కడికి ఉత్తరాన ఉన్న మేల్యాడా ఊరిలో పాలు తాగే వయసు పందిపిల్లకు వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, కొవ్వు కలిపి నూరిన ముద్ద పట్టించి, కట్టెల పొయ్యిలో చర్మం పెళపెళలాడే దాకా కాలుస్తారు; ఆ జిడ్డు మీద ఒక గుక్క వైన్ పడితే నోరు కడిగినట్టు శుభ్రమవుతుంది. పంది మాంసం తిననివారికి నేను చెప్పేది షన్‌ఫాన. ముదురు మేక మాంసాన్ని నల్ల మట్టిపాత్రలో వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసి, నీటికి బదులు ఎర్ర వైన్ పోసి, కట్టెల పొయ్యిలో గంటల తరబడి ఉంచితే, ఎముక దగ్గరి కండ కూడా చెంచాతో విడిపోతుంది, పులుసు దాదాపు నల్లగా చిక్కబడుతుంది. మన ఇంటి మేకకూర గుర్తుకు రాక మానదు, కారం ఒక్కటే తక్కువ. శాకాహారులకు నువ్వులు, వేరుసెనగ నూరి కారం తగ్గించి చేసిన గుత్తివంకాయ కుదురుతుందని మా ఆవిడ వాదన. నాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు.

ఇకపై బాగా సీసాను వడ్డనకు రెండు గంటల ముందే తెరిచి వేరే పాత్రలోకి వంచుతాము, 16 నుంచి 18 డిగ్రీల మధ్య చల్లదనంతో ఇస్తాము. గోంగూర మాంసంతో తెల్ల వైన్ గానీ, బైరాడాలోనే చేసే బుడగల వైన్ గానీ ఇస్తాము. ఇంటికి కొనుక్కునేవారు ఒక సంగతి గమనించాలి: 2003 నుంచి బైరాడా పేరుతో ఇతర ద్రాక్షల వైన్ కూడా రావచ్చు కనుక, సీసా చీటీ మీద 'బాగా' అన్న మాట ఉందో లేదో చూడండి. క్లాసికో అని ఉంటే అందులో కనీసం సగం బాగా ద్రాక్ష ఉన్నట్టు. లేత సీసా కొన్నవారు తొందరపడి తెరవకుండా కొన్నేళ్లు చీకటి గదిలో పడుకోబెడితే వగరు చాలావరకు మెత్తబడుతుంది.

ఆ శనివారం వచ్చినవారు షన్‌ఫాన వడ్డించే రోజున వస్తే, మొదటి గ్లాసుకు డబ్బు తీసుకోము. వక్క సంగతి చెప్పిన పెద్దాయనకు మాత్రం రెండు గ్లాసులు.