రాకెట్ ఎందుకు పడిపోయిందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రీహరికోట షార్‌లో రాకెట్ ప్రయోగం ఉందంటే మీ పేపర్లో కౌంట్‌డౌన్ దగ్గర్నుంచి సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలో ఇస్రో ఛైర్మన్ పూజ దాకా అన్నీ వస్తాయి, సంతోషం. కానీ ప్రయోగం ఫెయిలైతే మాత్రం మర్నాడు 'సాంకేతిక లోపం' అని రెండు మాటలు రాసి సరిపెట్టేస్తారు. ఆ లోపం ఏంటో తర్వాత కమిటీ తేల్చినప్పుడు అది ఏ లోపలి పేజీలోనో మూల నాలుగు లైన్లు, ఒక్కోసారి అదీ ఉండదు. మీ ఒక్క పేపరే అని కాదు, అన్ని పేపర్లూ టీవీలూ ఇంతే. జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరు వాళ్లకి షార్ ఇప్పటికీ సొంత ఊరి సంగతే, అందుకే అడుగుతున్నా.

నేను నెల్లూరులో ఐటీఐ పిల్లలకి ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్తాను. మొన్న క్లాసులో 2010 డిసెంబర్ 25న పోయిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 ఎందుకు పోయిందో తెలుసా అని అడిగాను. వీడియో అందరూ ఫోన్లో చూసినవాళ్లే. ఇంజన్ పేలిందని ఒకడు, ఇంధనం లీకైందని ఇంకొకడు, పైదశలో అతిచల్లటి ఇంధనంతో మండే క్రయోజెనిక్ ఇంజన్ పనిచేయలేదని మరొకడు. నిజానికి క్రయోజెనిక్ ఇంజన్ మండాల్సిన టైమే రాలేదు. ఆ రాకెట్‌ని పడగొట్టింది మా పిల్లలు రోజూ చేత్తో పట్టుకునే వస్తువే, వైరుకి వైరు కలిపే కనెక్టర్. ఆ మాట తెలుగులో వివరంగా చదివిన పిల్లాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకి రాకెట్ బాగానే లేచింది, 47 సెకన్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. జీఎస్ఎల్‌వీ మొదటి దశకి చుట్టూ నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్లు, అంటే పక్కన కట్టిన చిన్న రాకెట్లు ఉంటాయి, రాకెట్ దారి తప్పకుండా ఉండాలంటే వాటి ఇంజన్లు ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా అటూ ఇటూ వంగుతుండాలి. ఎటు ఎంత వంగాలో చెప్పే కంప్యూటరేమో పైన, ఉపగ్రహానికి దగ్గర్లో పరికరాలు పెట్టే ఎక్విప్‌మెంట్ బేలో ఉంటుంది. అక్కడి నుంచి అడుగు దాకా వైర్లు రావాలి, మధ్యలో దశలు విడిపోవాలి కాబట్టి అవి ఒకే ముక్కగా ఉండటానికి వీల్లేదు, కనెక్టర్లతో కలపాల్సిందే. అలాంటివి 10 కనెక్టర్లు ఒక గుంపుగా క్రయోజెనిక్ దశ అడుగున ఉన్నాయి. 292వ సెకను దగ్గర కమాండ్ వచ్చాకే అవి విడిపోవాలి. 47.8 సెకన్ల దగ్గరే ఊడొచ్చాయి. ఇంజన్లు మండుతూనే ఉన్నాయి, పైనుంచి రావాల్సిన కమాండ్లు మాత్రం ఆగిపోయాయి. ఆరు సెకన్లు గడిచేసరికి రాకెట్ పక్కకి వాలి గాలి ఒత్తిడికి విరిగిపోయింది, 64వ సెకనులో భద్రత కోసం కింది నుంచి పేల్చివేత కమాండ్ ఇచ్చారు. 2,310 కిలోల జీశాట్-5పి ఉపగ్రహం బంగాళాఖాతం పాలైంది.

పది కనెక్టర్లు ఉన్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి ఉండదా అని మా పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. పదీ ఒకేచోట ఉంటే, ఆ చోటే కదిలితే పదీ పోతాయి. 2014 జనవరి 5న జీఎస్ఎల్‌వీ-డి5 ఎగిరినప్పుడు ఏం మార్చారో చూడండి. క్రయోజెనిక్ ఇంజన్‌ని కప్పి ఉంచే కింది ష్రౌడ్ డిజైన్ మార్చారు, వైర్లు పోయే టన్నెల్‌ని ఎక్కువ బలాలు తట్టుకునేలా మార్చారు, ఎగిరేటప్పుడు ఆ ష్రౌడ్ ఎంత కదులుతోందో చూడటానికి వీడియో ఏర్పాటు కూడా పెట్టారు. అంటే కనెక్టర్ ఊడిందని కనెక్టర్‌నే తిట్టి లాభం లేదు, అది దేనికి బిగించి ఉంది, వైరుకి కాస్త వదులు ఉందా, లాగుడు అంతా పిన్నుల మీదే పడుతోందా అన్నది చూడాలి. ఇది ఇంటి వైరింగ్‌కీ వర్తించే పాఠమే.

ఊడకూడనప్పుడు ఊడితే ఇలా ఉంది, ఊడాల్సినప్పుడు ఊడకపోయినా అంతే నష్టం. 1999 ఏప్రిల్ 9న అమెరికాలో టైటాన్ రాకెట్ మీద క్షిపణుల జాడ పట్టే మిలిటరీ ఉపగ్రహం ఒకటి పంపారు. పైదశలో రెండు భాగాలు విడిపోవాలి, వాటి మధ్య ఒక కనెక్టర్ ఉంది, వేడి తగలకుండా చుట్టిన టేపు ఆ కనెక్టర్ మీదికి గట్టిగా పడటంతో అది విడిపడలేదు. రెండు భాగాలూ సరిగ్గా వేరు కాలేదు, ఉపగ్రహం పనికిరాని కక్ష్యలో మిగిలిపోయింది. టేపు చుట్టినవాళ్లు మంచికే చుట్టారు.

ఎర్తింగ్ చెప్పే రోజు మాత్రం నేను 1960 నవంబర్ 21 నాటి సంగతి తప్పకుండా చెప్తాను. నాసా మెర్క్యురీ-రెడ్‌స్టోన్ రాకెట్, లోపల మనిషి లేడు. రాకెట్ తోక దగ్గర రెండు ప్లగ్గులు, ఒకటి కంట్రోల్‌ది, ఒకటి పవర్‌ది. కంట్రోల్ ప్లగ్గు ముందు ఊడాలి, ఎర్త్ దారి చివరిదాకా ఉండాలి కాబట్టి పవర్ ప్లగ్గు తర్వాత ఊడాలి. ఆ రోజు పవర్ ప్లగ్గు ముందు ఊడింది. తేడా సెకనులో వెయ్యో వంతులు 29, అంతే. ఎర్త్ లేని ఆ కాస్త సేపట్లో కరెంటు వేరే దారి వెతుక్కుని ఇంజన్ ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) గుండా పోయింది. రాకెట్ 10 సెంటీమీటర్లు లేచి మళ్లీ స్టాండు మీదే కూర్చుంది, ప్రమాదంలో మనిషిని లాక్కుపోవాల్సిన ఎస్కేప్ రాకెట్ క్యాప్సూల్‌ని వదిలేసి ఒంటరిగా ఎగిరిపోయింది, కిందేమో నిండా ఇంధనంతో రాకెట్, దగ్గరికి పోవడానికి లేదు. తర్వాతి ప్రయోగానికి వాళ్లు చేసిన మార్పు ఒక ఎర్తింగ్ పట్టీ అదనంగా పెట్టడం. ఈ కథ విన్నాక ఎర్త్ వైరు ఎందుకు సార్ అని అడిగే పిల్లాడు నాకు కనపడలేదు.

ఇంకో రకం ఉంది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే, టెస్టులో దొరకని లోపం. వర్క్‌షాపులో పిల్లాడు వైరు చివర లగ్గు (లోహపు తొడుగు) పెట్టి, అది బిగుసుకునేలా క్రింపింగ్ టూల్ నొక్కి మల్టీమీటర్ పెడతాడు, బీప్ వస్తుంది, అయిపోయింది సార్ అంటాడు. నేను వైరు పట్టి లాగుతా. ఒక్కోసారి లగ్గు నా చేతిలోకి వచ్చేస్తుంది, లోపల తీగలు నలిగిన గుర్తు కూడా ఉండదు, తళతళా మెరుస్తుంటాయి. రాకెట్లలో వాడే కనెక్టర్లలో పిన్ను లోపలికి పోయి క్లిక్కుమని లాక్ అవ్వాలి. లాక్ పడకుండా వెంట్రుకవాసి వెనక ఉన్నా అవతలి సాకెట్‌ని తాకుతూనే ఉంటుంది, మీటర్ బీప్ అంటూనే ఉంటుంది. వైబ్రేషన్ మొదలైతే గానీ దాని సంగతి బయటపడదు. 2007 డిసెంబర్‌లో అమెరికా వాళ్ల అట్లాంటిస్ స్పేస్ షటిల్‌కి చలి వల్ల ఇలాంటి సమస్యే వచ్చింది. ట్యాంకులో మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్ నింపగానే, ట్యాంకు గోడలోంచి వైర్లు పోయే కనెక్టర్ దగ్గర కాంటాక్ట్ పోయి ఇంధనం ఉందో లేదో చెప్పే సెన్సర్లు తప్పు చెప్పేవి, ట్యాంకు ఖాళీ చేస్తే మళ్లీ బాగుండేవి. చివరికి పిన్నులకి సోల్డరింగ్ చేసి 2008 ఫిబ్రవరి 7న పంపారు.

మా పిల్లల్లో చాలామంది ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు వాళ్లు, ఇళ్ల దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, మోటారు కాలిందని పరిగెత్తుకొస్తారు, విప్పి చూస్తే మోటారుకి ఏం కాదు, ఉప్పుగాలికి స్టార్టర్ బాక్సులో లగ్గు చిలుము పట్టి ఉంటుంది. రాకెట్ సంగతి వీళ్లకి అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అర్థమయ్యేలా రాసేవాళ్లే లేరు.

కాబట్టి నేను అడిగేది ఇంతే. ప్రయోగం ఫెయిలైన వార్తకి ఎంత చోటిచ్చారో, కారణం తేలిన రోజున కూడా అంత చోటు ఇవ్వండి, బొమ్మ వేసి, ఏ భాగం, ఎన్నో సెకను, ఏం మార్చారు అని రాయండి. షార్ వాళ్లు ఏటా అక్టోబర్‌లో అంతరిక్ష వారోత్సవాలకి మన ఊళ్లకి రాకెట్ నమూనాలు తెస్తారు, వాటి పక్కన ఒక అసలు కనెక్టర్ కూడా పెట్టి పిల్లల చేతికి ఇవ్వమని మీ పేపర్ ద్వారా వాళ్లనీ అడుగుతున్నా. జీఎస్ఎల్‌వీ-ఎఫ్06లో కమాండ్లు పైనుంచి కిందికి ఏ దారిన వస్తాయో క్లాసు కోసం నేను గీసిన బొమ్మ ఒకటుంది, మీ సైన్స్ పేజీకి పనికొస్తుందంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, నెల్లూరు