తుపాకీ కొత్తది, మాట పాతది

సంపాదకులకు నమస్కారం.

షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా బాజ్ లుహర్మన్ 1996లో తీసిన ‘రోమియో + జూలియట్’ చిత్రాన్ని ఇటీవల ఒక మిత్రుని ఇంట్లో గోడమీద దుప్పటి కట్టి చూశాము. కత్తుల కాలపు కథలోకి కార్లను, పూలచొక్కాలను తెచ్చినా, సంభాషణలను మాత్రం నాటి పద్యభాషలోనే ఉంచిన దర్శకుని తెగువ నాకు నచ్చింది. మూలంలోని ‘కత్తి’ అన్న మాట పోకుండా ఆ పేరునే తుపాకీపై చెక్కించడం చూసి నవ్వుకున్నాను. వాడుకమాటను రంగస్థలమెక్కించిన గురజాడ దారికిది తలకిందులు కదా అని మాలో ఒక పెద్దాయన అన్నారు (విజయనగరంలో ఏ చర్చయినా అక్కడికే చేరుతుంది). మొదటి అరగంట హడావుడి కళ్లకు శ్రమే. కానీ మూలంలో రోమియో మరణించాకే మేల్కొనే జూలియట్, ఇక్కడ అతడు విషం తాగుతుండగానే కళ్లు తెరిచి చెంప తాకినప్పుడు గదిలో ఎవరూ కదలలేదు. నాటకాన్ని పాడుచేశారనేవారు ఆ సన్నివేశం వరకైనా ఓపిక పట్టాలని మనవి.

– ఒక పాఠకుడు, విజయనగరం