ఆర్ట్ స్కూళ్లలో నమూనాలను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్ట్ స్కూళ్ల గురించి పేపర్లలో వచ్చేవి దాదాపు ఎగ్జిబిషన్ వార్తలే. ఎవరికి అవార్డు వచ్చింది, ఏ పెయింటింగ్ ఎంతకు అమ్ముడుపోయింది, ఇవే. ఆ స్కూళ్ల వెనక గదుల్లో ఉండే మట్టి నమూనాలు, ప్లాస్టర్ పోతలు, అట్టతో చేసిన బిల్డింగ్ మోడళ్లు, ట్రేసింగ్ పేపర్ మీద గీసి, కొట్టేసి, మళ్లీ గీసిన డిజైన్లు... వీటి గురించి ఎవరూ మాట్లాడరు. ఆ స్కూలు అసలు సంపద అదేనని నేను గట్టిగా నమ్ముతాను. నేను చదువుకున్న చోట ఏడాది చివర మోడళ్లన్నీ వరండాలో కుప్ప పోసి, వారం తిరిగేసరికి చెత్త బండి ఎక్కించేవాళ్లు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఒక కుర్చీ పూర్తయ్యాక చూస్తే బాగుందో లేదో తెలుస్తుంది, అంతే. దాని కాలు ఎన్నిసార్లు మార్చారు, బరువు ఆగక ఎక్కడ విరిగింది, చివరికి ఆ వంపు ఎందుకు అలా కుదిరింది అన్నది తెలియాలంటే దాని ముందు చేసిన నమూనాలు చూడాలి. నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేది అదే కదా.

జర్మనీలో 1919 నుంచి 1933 దాకా నడిచిన బౌహాస్ అనే ఆర్ట్, డిజైన్ స్కూలును తీసుకోండి. వైమార్, డెస్సావు, బెర్లిన్ అని మూడు ఊళ్లు మారి, నాజీల ఒత్తిడికి మూతపడింది. అక్కడ విద్యార్థినిగా ఉన్న మరియానే బ్రాండ్ 1924లో ఒక చిన్న టీ పాట్ చేసింది. ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో తయారుచేయడానికి పనికొచ్చే నమూనాలు రూపొందించాలన్నది ఆ స్కూలు ఆలోచన, కానీ ఆ టీ పాట్ అప్పట్లో ఫ్యాక్టరీ దాకా వెళ్లనే లేదు, చేత్తో చేసినవి కొన్నే. నమూనాగా పుట్టి నమూనాగానే మిగిలిన ఆ వస్తువును ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాలు అద్దాల వెనక పెట్టి చూపిస్తున్నాయి. 1960లో ఆ స్కూలు వస్తువులు, కాగితాలు భద్రపరిచే బౌహాస్ ఆర్కైవ్ మొదలయ్యేసరికి స్కూలు మూతపడి 27 ఏళ్లయింది. దేశాలు పట్టిపోయిన పాత విద్యార్థులు, టీచర్ల దగ్గరున్న వస్తువులను కూడగట్టుకోవాల్సి వచ్చింది. ముందే ఎవరైనా దాచి ఉంటే ఇంకెంత మిగిలేదో.

పేరు రాసి పెట్టకపోతే ఏమవుతుందో కూడా అదే స్కూలు కథలో ఉంది. బౌహాస్ భవనాలకు, అక్కడ తయారైన వస్తువులకు ఫొటోలు తీసింది లూసియా మొహోలీ. ఆమెకు అక్కడ ఉద్యోగం కూడా లేదు. 1933లో ప్రాణభయంతో దేశం విడిచినప్పుడు దాదాపు 560 గాజు నెగటివ్‌లు వెనకే ఉండిపోయాయి, చివరికి అవి స్కూలు స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ దగ్గరికి చేరాయి. ఏళ్ల తరబడి ఆ ఫొటోలు ఆమె పేరు లేకుండానే అచ్చయ్యాయి. 1950లలో లాయర్‌ను పెట్టుకుని పోరాడితే కొన్ని నెగటివ్‌లు తిరిగి వచ్చాయి, అవీ సగం కూడా కావు. అందుకే నమూనా దాచడం ఒక్కటే సరిపోదు, చేసిందెవరో, ఎప్పుడో, దేనికోసమో కార్డు మీద రాసి దానికి కట్టాలి అంటాను.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ సంగతి ఇంకా బాధాకరం. చార్ల్స్ రెన్నీ మాకింటోష్ డిజైన్ చేసి 1909లో పూర్తయిన ఆ భవనంలో 2014 మేలో మంటలు లేచి, ప్రపంచమంతా మెచ్చుకున్న చెక్క లైబ్రరీ బూడిదైంది. దాన్ని మళ్లీ కట్టగలం అన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? పాత డ్రాయింగులు, ఫొటోల నుంచే. పురావస్తు తవ్వకాల్లో చేసినట్టు బూడిదను జల్లెడ పట్టి దీపాల లోహపు ముక్కలు ఏరారు, లైబ్రరీలో ఒక భాగాన్ని ముందు పూర్తి సైజు నమూనాగా చేసి సరిచూసుకున్నారు. పని నడుస్తుండగానే 2018 జూన్‌లో మళ్లీ మంటలు, ఈసారి భవనం లోపలంతా కాలిపోయి దాదాపు బయటి గోడలే మిగిలాయి. అయినా ఆర్కైవ్‌లో చాలా భాగం అప్పటికే వేరే చోట ఉండటంతో బతికింది. మళ్లీ కట్టే మాట ఈరోజు ఎవరైనా ఎత్తగలుగుతున్నారంటే అందులో దాని పాత్ర కూడా ఉంది. పని చేసే భవనంలోనే అన్నీ పెట్టుకోవద్దు అన్నది ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

పాత శిల్పాలకు అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ పోతల గురించి ఒక మాట. 20వ శతాబ్దంలో బోధన పద్ధతి మారగానే చాలా ఆర్ట్ స్కూళ్లు వాటిని నకళ్లే కదా అని పగలగొట్టి పారేశాయి. కానీ రోమ్‌లోని ట్రాజన్ స్తంభానికి (రోమన్ చక్రవర్తి యుద్ధ విజయాల బొమ్మలు చెక్కిన రాతి స్తంభం) 1860లలో తీసిన పోతల్లో ఉన్న వివరాలు కొన్ని ఇప్పుడు అసలు రాతి మీద లేవు, కాలుష్యానికి అరిగిపోయాయి.

స్కాన్ చేశాం, ఇంక అసలు ఎందుకు అనేవాళ్లు ఉంటారు. స్కాన్ కావాలి, కాదనను. కానీ ఫ్లాపీల్లో దాచిన డిజైన్లను ఇప్పుడు తెరవడమే గగనం, వందేళ్ల నాటి కాగితం మాత్రం చేతికి తీసుకుంటే చాలు కనిపిస్తుంది. పైగా వేలిముద్ర పడిన మట్టిని, పెన్సిల్ నొక్కిన గుర్తును తెర మీద చూస్తే పూర్తిగా అర్థం కావు.

దాచడానికి పెద్ద డబ్బు కావాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, తెలిసి దాచితే చాలు. ప్లాస్టర్‌కు తడి తగలకూడదు. ట్రేసింగ్ పేపర్ పెళుసెక్కుతుంది, మడత పెట్టకుండా పరిచి ఉంచాలి. సెల్లోటేప్ అంటిస్తే పసుపు మరక శాశ్వతం. బ్లూప్రింట్లు, అంటే నీలం కాగితం మీద తెల్ల గీతలుండే పాత డిజైన్ ప్రతులు, వెలుతురుకి వెలిసిపోతాయి, వాటికి మిగతా కాగితాలకు వాడే క్షారం కలిపిన ఫోల్డర్లు కూడా పడవు. ఫోమ్ మోడళ్లు కొన్ని దశాబ్దాల్లో పొడైపోతాయి కాబట్టి వాటికి ముందుగా ఫొటోలు, కొలతలు తీసుకోవాలి.

అన్నీ దాచమనడం లేదు, చోటు సరిపోదని తెలుసు. ప్రతి ఏడాదీ ప్రతి విభాగం నుంచి కొన్నయినా టీచర్లు, విద్యార్థులు కలిసి ఎంచాలి. వాటిలో విఫలమైన నమూనాలు కూడా ఉండాలి, కార్డు చేసినవాళ్ల చేతే రాయించాలి. ఆ బీరువాలు తాళం వేసి ఉంచకుండా వారంలో ఒక రోజైనా విద్యార్థులకు, చూడాలనుకునే మామూలు జనానికి తెరవాలి. అలా తెరిచే స్కూలు ఏదైనా ఉంటే దయచేసి మీ పేపర్లో, ఎగ్జిబిషన్ వార్తల పక్కనే, ఏ రోజు ఏ సమయానికి వెళ్లవచ్చో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు